ఒకే ఇంట్లో మూడు లిపులు

మన ఇళ్లలో ఒక సగటు ఇంటిని తలచుకుందాం. దాదాజాన్ కళ్లద్దాలు సవరించుకుని ఉర్దూ పత్రిక చదువుతారు. అబ్బాజాన్ దుకాణానికి బయలుదేరేలోగా తెలుగు దినపత్రిక తిరగేస్తారు. పిల్లలు ఇంగ్లీషు మాధ్యమంలో చదువుతున్నారు. వారికి ఉర్దూ నోటిమాట వరకే వచ్చు, తెలుగు పరీక్ష వరకే వచ్చు. ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చుని భోంచేసే ఈ మూడు తరాలవారిలో ఒకరు చదివే పుస్తకం మరొకరికి అందదు. దాదాజాన్ అలమారలోని గ్రంథం మనవరాలి కంటికి అందమైన గీతల వరుసగానే కనిపిస్తుంది. మనవరాలి చేతిలోని నవల దాదాజాన్‌కూ అంతే.

కోస్తా, రాయలసీమ పల్లెల్లోని నూర్‌బాషా, దూదేకుల కుటుంబాల సంగతి ఇంకొక తీరు. అక్కడ చాలా ఇళ్లలో తల్లిభాష తెలుగే. ఉర్దూ రాదని సాటి ముస్లింలు చిన్నచూపు చూస్తే, ముస్లిం అయి ఉండి ఇంత చక్కని తెలుగు ఎలా వచ్చిందని ఇరుగుపొరుగు ఆశ్చర్యపోతారు. ఈ రెండు మాటలనూ మౌనంగా భరించిన అనుభవం వారిలో చాలామందికి ఉంది.

ఇన్ని భాషలు వినబడే సమాజం పుస్తకాల విషయంలో సంపన్నంగా ఉండవలసింది. జరుగుతున్నది వేరు. దాదాజాన్ కన్నుమూసిన ఏడాదికో రెండేళ్లకో ఆ అలమారను ఖాళీ చేస్తాము. ధార్మిక గ్రంథాలను మసీదులో అప్పగించి వస్తాము. మిగిలిన కథలు, కవితలు, చరిత్రలు, ఆయన యౌవనంలో చందా కట్టి తెప్పించుకున్న పత్రికలు పాత కాగితాలవారి తూకంలోకి వెళ్లిపోతాయి. ఆ అలమారలో ఏముండేదని మనవరాలు పెద్దయ్యాక అడిగితే చెప్పేవారు ఆ ఇంట్లో ఉండరు.

యువత పుస్తకాలు చదవాలన్న హితవు మన సభల్లో తరచుగానే వినిపిస్తుంది. హితవు చెప్పి ఇంటికి వెళ్లిపోతే ప్రయోజనం లేదని ఇన్నేళ్ల అనుభవం నేర్పింది. మన ఇళ్ల స్థితికి తగిన మార్గం ఒకటి ఉందని మేము భావిస్తున్నాము. కలిసి చదవాలి, బిగ్గరగా చదవాలి, చదివినదాని గురించి కలిసి మాట్లాడుకోవాలి. లిపి తెలియనివారికి కూడా మాట తెలుసు. ఒకరి లిపిలోని పుస్తకం మరొకరి చెవికి చేరాలంటే మాట్లాడుకోవడం తప్ప వేరు దారి లేదు.

అక్షరం వచ్చింది, పుస్తకం రాలేదు

మన వెనుకబాటుతనం గురించి చెప్పేటప్పుడు నిరక్షరాస్యతను మొదట చెప్పడం అలవాటైంది. తెలుగు నేల విషయంలో ఇది పూర్తి నిజం కాదు. 2001 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింల అక్షరాస్యత సుమారు 68 శాతం. అప్పటి రాష్ట్ర సగటు 61 శాతానికి లోపే. అంటే అక్షరం నేర్వడంలో మనం రాష్ట్ర సగటు కంటే ముందే ఉన్నాము. మనలో ఎక్కువమంది పట్టణాల్లో ఉండడం ఇందుకు ఒక కారణం కావచ్చు.

అయితే ఆ అక్షరం మనల్ని ఎంత దూరం తీసుకువెళ్లింది? సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక దేశం మొత్తం మీద 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం బాలబాలికల్లో నాలుగో వంతు మంది బడి ముఖం చూడనివారో, మధ్యలో మానినవారో అని తేల్చింది. మన పిల్లలంతా మదరసాలకే వెళ్తారన్న ప్రచారాన్నీ ఆ నివేదికే తోసిపుచ్చింది. బడి ఈడు పిల్లల్లో మదరసాల్లో చదివేవారు నాలుగు శాతానికి మించరని లెక్క చెప్పింది. ఏడో తరగతిలోనో ఎనిమిదో తరగతిలోనో బడి మాని మెకానిక్ షెడ్డుకో, పండ్ల బండి దగ్గరకో, వెల్డింగు పనికో వెళ్లిన పిల్లవాడికి అక్షరాలు వచ్చు. దుకాణాల పేర్లు చదవగలడు, ఫోనులో వచ్చిన సందేశం చదవగలడు. పుస్తకం అనేది బడితోనే వెనుక ఉండిపోయిందని అతని భావన.

కాలేజీ వరకు వెళ్లిన పిల్లల పరిస్థితి అంతకంటే మెరుగని చెప్పలేము. పరీక్షకు అవసరమైన గైడు తప్ప మరొక పుస్తకం తెరవకుండానే పట్టాలు పుచ్చుకుంటున్నారు. ఇది ముస్లిం యువతకే పరిమితమైన జాడ్యం కాదు. కాని చదవకపోవడం వల్ల కలిగే నష్టం అందరికీ ఒకేలా ఉండదు. తన గురించి ఇతరులు రాసినది, ఇతరులు చెప్పినది ప్రతిరోజూ ఎదుర్కోవలసి వచ్చే సమాజానికి ఆ నష్టం ఎక్కువ.

నాలుగు శాతం కథ మన పిల్లలకు తెలుసా?

ఒక ఉదాహరణ తీసుకుందాం. విద్యలో, ఉద్యోగాల్లో మనకు లభిస్తున్న 4 శాతం రిజర్వేషన్ల వల్ల వేలాది కుటుంబాల్లో తొలి డాక్టరు, తొలి ఇంజినీరు, తొలి ఉపాధ్యాయురాలు వచ్చారు. కాలేజీలో ఒక సహాధ్యాయి ఎదురుపడి, "మీకు మతం పేరు మీద సీట్లు ఇచ్చారు కదా" అన్నప్పుడు ఆ కుటుంబాల పిల్లల్లో ఎంతమంది నిలబడి సమాధానం చెప్పగలుగుతున్నారు? ఎక్కువమంది తల దించుకుంటారు, లేదా కోపగించుకుంటారు. సమాధానం లేక కాదు, దాన్ని చదవక.

2004లో ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా 5 శాతం రిజర్వేషన్ ప్రకటిస్తే హైకోర్టు కొట్టివేసింది. 2005లో చట్టరూపంలో మళ్లీ ఇస్తే అదీ నిలవలేదు. న్యాయస్థానం అడిగినది ప్రధానంగా ఆధారాల గురించి. ఎవరు వెనుకబడి ఉన్నారు, ఎంత వెనుకబడి ఉన్నారు, ఎలా నిర్ధారించారు అన్నవి ఆ ప్రశ్నలు. అప్పుడు పి.ఎస్. కృష్ణన్ అధ్యయనం జరిపి నివేదిక ఇచ్చారు. వెనుకబడిన తరగతుల కమిషన్ సిఫారసు చేసింది. సమాజం మొత్తాన్ని ఒకే గంపలో వేయకుండా, సామాజికంగానూ విద్యాపరంగానూ వెనుకబడిన వర్గాలను వృత్తుల వారీగా, పేర్ల వారీగా గుర్తించి, 2007లో బీసీ-ఈ కింద 4 శాతం కల్పిస్తూ చట్టం చేశారు. దూదేకులవారు అంతకు ముందు నుంచే బీసీ-బి జాబితాలో ఉన్నారు. 2007 చట్టాన్ని కూడా 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేసింది. ఆ మరుసటి నెలలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుల బలం మీదనే ఇది కొనసాగుతూ వచ్చింది.

ఈ కథలో మనం గ్రహించవలసిన పాఠం ఉంది. ఊరేగింపులు అవసరమే, వినతిపత్రాలు అవసరమే. కాని న్యాయస్థానం ముందు చివరికి నిలబడేది కాగితం మీది ఆధారం. ఆ కాగితాన్ని రాసినవారు ఎక్కడో కూర్చుని వేలాది పుటలు చదివినవారు. ఆ పని చేయగల మనిషి మన మొహల్లా నుంచి రావాలంటే పదిహేనేళ్ల వయసులో ఆ మనిషి చేతిలో ఎవరో ఒక పుస్తకం పెట్టి ఉండాలి, చదివావా అని అడిగి ఉండాలి, నీకేమనిపించిందని మళ్లీ అడిగి ఉండాలి.

సచార్ నివేదిక మన గురించి రాసినది. తెలంగాణలో సుధీర్ కమిషన్ 2016లో సమర్పించిన నివేదిక మన గురించి రాసినది. రాజ్యాంగంలోని 25 నుంచి 30 వరకు గల అధికరణాలు మన విశ్వాసానికీ, భాషకూ, విద్యాసంస్థలకూ రక్షణగా నిలిచినవి. వీటి పేర్లు ప్రతి వేదిక మీదా వినిపిస్తాయి. పుట తిప్పి చదివినవారిని వేళ్ల మీద లెక్కించవచ్చు.

హల్ఖా మనకు కొత్త కాదు

కూర్చుని చదివి చర్చించుకోవడం ఎక్కడి నుంచో తెచ్చుకున్న అలవాటు కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) వారిపై అవతరించిన తొలి వాక్కు చదవమన్న ఆజ్ఞతోనే మొదలైందని మన పసిపిల్లలకు కూడా తెలుసు. బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీల్లో చదవను, రాయను వచ్చినవారు మదీనా పిల్లలు పదిమందికి అక్షరం నేర్పితే అదే వారి విడుదలకు పరిహారంగా అంగీకరించారని సీరా గ్రంథాలు చెబుతున్నాయి. చదువు చెప్పేవాడు నిన్నటి శత్రువైనా అతని వద్ద నేర్చుకోవడానికి ఆ తొలి సమాజం వెనుదీయలేదు.

మనలో అత్యధికులు అనుసరించే హనఫీ సంప్రదాయాన్నే చూద్దాం. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) చుట్టూ కూర్చున్న శిష్యుల హల్ఖాలో ప్రశ్న ముందు పెట్టి వాదోపవాదాలు సాగించేవారు. ఆయన ప్రధాన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ అనేక విషయాల్లో గురువుతో విభేదించారు. ఆ భేదాభిప్రాయాలను ఎవరూ చెరిపివేయలేదు. హనఫీ గ్రంథాల్లో గురువు మాట పక్కనే శిష్యుల మాట కూడా నేటికీ చదువుతున్నాము. గురువు పట్ల గౌరవం తగ్గకుండానే అభిప్రాయం వేరుగా చెప్పవచ్చని మన సంప్రదాయం మనకు చూపిన మార్గమిది.

ఈనాడు మన పిల్లలకు ఆ అవకాశం ఎక్కడ ఉంది? బడిలో ఉపాధ్యాయుడు చెబితే వింటారు. మసీదులో ఖుత్బా వింటారు. ఇంట్లో పెద్దలు చెప్పింది వింటారు. ఫోనులో ఎవరో అరుస్తుంటే అదీ వింటారు. రోజంతా వినడమే తప్ప, ఆలోచించి నాలుగు వాక్యాలు కూర్చి ఎదుటివారి ముందు చెప్పే చోటు వారికి లేదు. ఉద్యోగపు ముఖాముఖిలో, కార్యాలయపు కిటికీ ముందు, వార్డు సభలో మాట పెగలకపోవడానికి మూలం ఇక్కడ ఉంది. తప్పుడు సందేశం ఒకటి వచ్చినప్పుడు, ఇది నిజమేనా, ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అని అడగాలన్న ఆలోచన కూడా ప్రశ్నించే అలవాటు ఉన్నవారికే వస్తుంది.

ఏం చదవాలి?

ముస్లింల జీవితం తెలుగు సాహిత్యంలో లేదని కొందరు యువకులు మాతో అంటుంటారు. ఉంది, వారి దాకా రాలేదు. పిఠాపురానికి చెందిన ఉమర్ అలీషా (1885-1945) తెలుగులో పద్యాలు, నాటకాలు రాశారు, ఉమర్ ఖయ్యాం రుబాయీలను తెలుగు చేశారు. ఖాదర్ మొహియుద్దీన్ 1991లో వెలువరించిన దీర్ఘకవిత 'పుట్టుమచ్చ' ఈ దేశంలో ముస్లింగా పుట్టడమంటే ఏమిటో తెలుగు పాఠకుల ముందు పెట్టింది. 1998లో 'జల్‌జలా' కవితా సంకలనం, 2004లో స్కైబాబ సంపాదకత్వంలో 'వతన్' కథా సంకలనం వచ్చాయి. షాజహానా 'నఖాబ్' కవితలు ముస్లిం స్త్రీ గొంతును వినిపించాయి. వేంపల్లె షరీఫ్ కథల సంపుటి 'జుమ్మా'కు 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం లభించింది. స్వాతంత్ర్యోద్యమంలో ముస్లింల పాత్రపై సయ్యద్ నశీర్ అహమ్మద్ తెలుగులో వరుసగా గ్రంథాలు రాశారు. దేశభక్తి నిరూపించుకోమని అడిగేవారికి కోపంతో కాక చరిత్రతో జవాబివ్వదలచిన యువకుడు అక్కడ మొదలుపెట్టవచ్చు.

ఉర్దూ వైపు చూస్తే హైదరాబాదు మనకు మఖ్దూం మొహియుద్దీన్ కవిత్వాన్ని ఇచ్చింది, జీలానీ బానో కథలను ఇచ్చింది. శ్యాం బెనెగల్ తీసిన 'వెల్‌డన్ అబ్బా' చిత్రానికి జీలానీ బానో కథ ఆధారమని ఆ చిత్రం చూసి నవ్వుకున్న మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? సర్కారు కాగితాల్లో తవ్విన బావి పొలంలో కనిపించకపోవడం అన్న ఆ కథ పథకాల కోసం కార్యాలయాల చుట్టూ తిరిగే ప్రతి కుటుంబానికీ అర్థమవుతుంది. ముందు సినిమా చూసి, తర్వాత ఉర్దూ వచ్చిన నానీ చేత ఆ కథ చదివించుకుని, రెండింటికీ తేడా ఏమిటో పిల్లలు మాట్లాడుకుంటే అంతకంటే మంచి పాఠం ఏ తరగతి గదిలో దొరుకుతుంది?

మన పుస్తకాలే చదవాలని మేము అనడం లేదు. ఖుర్‌ఆన్‌ను తొలిసారి తెలుగులోకి తెచ్చినవారు చిలుకూరి నారాయణరావు పంతులుగారు. ఆయన మన గ్రంథాన్ని చదివినట్లే మనమూ ఇరుగుపొరుగువారి గ్రంథాలను, దళితుల ఆత్మకథలను, రైతుల కథలను చదవాలి. చదివించుకోవాలన్న ఆశ ఉన్న సమాజం తానూ చదివేదై ఉండాలి.

అచ్చు కాని పుస్తకాలు కూడా మన ఇళ్లలో ఉన్నాయి. 1948 సెప్టెంబరు నాటి పోలీసు చర్య తర్వాతి సంఘటనలపై పండిత సుందర్‌లాల్ బృందం ఇచ్చిన నివేదిక దశాబ్దాల పాటు ప్రజల ముందుకు రాలేదు. అంతకాలమూ ఆ జ్ఞాపకాలు నానీల, దాదీల గుండెల్లోనే ఉండిపోయాయి. వాటిలో ద్వేషం పెంచే మాటలే ఉంటాయని భయపడనక్కరలేదు. ఆ రోజుల్లో తలుపు తెరిచి దాచిన హిందూ పొరుగువారి పేర్లను కూడా ఆ జ్ఞాపకాలు పదిలంగా దాచుకున్నాయి. పిల్లలు అడిగి రాసుకోవలసిన కాలం దాటిపోతోంది.

మనకున్న మూడు జంకులు

కలిసి చదువుదామన్నప్పుడు పెద్దల నుంచి వచ్చే అభ్యంతరాలు మూడు. మూడింటిలోనూ నిజం ఉంది. అందుకే వాటిని దాటవేయకూడదు.

మొదటిది పొట్టకూటి మాట. రాత్రి తొమ్మిదింటి వరకు షెడ్డులో పనిచేసే కుర్రవాడికి పుస్తకమేమిటి అంటారు. కేరళలోని కన్నూరు ప్రాంతపు బీడీ కార్మికుల సంగతి ఇక్కడ గుర్తుచేయాలి. అక్కడి కార్ఖానాల్లో ఒక కార్మికుడు పత్రికో పుస్తకమో బిగ్గరగా చదువుతుంటే మిగిలినవారు బీడీలు చుడుతూ వినేవారు. చదివినవాని కూలి పోకుండా అతని వంతు పనిని మిగిలినవారు పంచుకునేవారు. చదవడం రానివారు సైతం అలా విని రాజకీయాలు, సాహిత్యం చర్చించే స్థాయికి ఎదిగారు. మన నిజామాబాదు, జగిత్యాల ప్రాంతాల్లో ఇళ్ల వద్ద బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లు నలుగురైదుగురు ఒక వాకిట్లో చేరే అలవాటు ఉండనే ఉంది. ఆ వాకిట్లో బడికి వెళ్లే అమ్మాయి ఒక కథ చదివితే చేతిపని ఆగదు, కూలి తగ్గదు.

రెండవది, కథలూ నవలలూ పిల్లలను చెడగొడతాయన్న శంక. పిల్లలు ఏం చదువుతున్నారో పెద్దలు తెలుసుకోవాలన్న ఆరాటం సహజమైనదే. ఆ ఆరాటానికి తగిన మందు కూడా కలిసి చదవడమే. గదిలో ఒంటరిగా ఫోను పట్టుకున్న పిల్లవాడు ఏం చూస్తున్నాడో ఏ తల్లికీ తెలియదు. పదిమంది మధ్య చదివిన కథ అందరికీ తెలుస్తుంది. అందులో తప్పు ఉంటే తప్పని చెప్పే అవకాశం పెద్దలకు ఉంటుంది, ఎందుకు తప్పని అడిగే అవకాశం పిల్లలకు ఉంటుంది.

మూడవది బయటకు చెప్పుకోని భయం. నలుగురు ముస్లిం యువకులు ఒక గదిలో చేరి పుస్తకాలు చదువుతున్నారంటే ఎవరు ఏమనుకుంటారో, ఏ కబురు ఎక్కడికి చేరుతుందో అని తల్లులు వణుకుతారు. ఆ వణుకు ఊరికే పుట్టలేదు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగిన తర్వాత హైదరాబాదులో ఎందరో యువకులు నిర్బంధాలకు గురయ్యారు. అరెస్టయినవారిని తర్వాత న్యాయస్థానాలు నిర్దోషులుగా విడుదల చేశాయి. కాని పోయిన చదువులు, పోయిన ఉద్యోగాలు, చెదిరిన పెళ్లి సంబంధాలు తిరిగి రాలేదు. ఆ తల్లులకు ధైర్యం చెప్పే నైతిక అధికారం మనకు రావాలంటే మన పఠనం బహిరంగంగా ఉండాలి. తలుపులు తెరిచి ఉంచుదాం. ఏ పుస్తకం చదువుతున్నామో గోడ మీద రాసి పెడదాం. బడిపంతులును, గ్రంథాలయ ఉద్యోగిని, పక్కింటి హిందూ, క్రైస్తవ మిత్రులను పిలుద్దాం. భయపడి పుస్తకం మూసివేయడం వల్ల మనపై అనుమానం తగ్గదు. మనల్ని చూసినవారు, మన మధ్య కూర్చుని మాట్లాడినవారు పెరిగినప్పుడే తగ్గుతుంది.

ఆడపిల్లలు ఎక్కడ కూర్చోవాలి?

ఈ ప్రశ్నకు జవాబు లేకుండా యువత పఠనం గురించి ఎంత చెప్పినా అది సగం మాటే. నేడు మన ఇళ్లలో పుస్తకం పట్ల ఎక్కువ ఆసక్తి ఉన్నది ఆడపిల్లలకు. చాలా ఊళ్లలో గ్రంథాలయం మగవారు పత్రికలు చదువుకునే చోటుగా ఉంది. హోటలు, కూడలి మగపిల్లలవి. అమ్మాయికి కాలేజీ, ఇల్లు తప్ప మూడో చోటు లేదు. ఇంటర్మీడియట్ ముగిసి పెళ్లి మాటలు మొదలైతే ఉన్న రెండు చోట్లలో ఒకటి పోతుంది.

నూరేళ్లకు పూర్వమే బెంగాలులో బేగం రుకయ్యా ఇల్లిల్లూ తిరిగి తల్లిదండ్రులను ఒప్పించి ఆడపిల్లలను బడికి రప్పించారు. 1911లో కలకత్తాలో ఆమె నడిపిన బడి కొద్దిమంది బాలికలతోనే ఆరంభమైంది. ఆమె రచయిత్రి కూడా. స్త్రీలు పాలించే రాజ్యాన్ని ఊహించి 1905లోనే కథ రాశారు. ఆమె చేసిన పనిలో మనం చేయగలిగిన చిన్న భాగం ఉంది. ప్రతి మొహల్లాలో ఒక ఇల్లు వారానికి రెండు గంటలు తన ముందు గదిని అమ్మాయిలకు ఇవ్వగలదు. ఆ ఇంటి అమ్మీ అక్కడే కూర్చుంటే తల్లిదండ్రులకు నిశ్చింత. ఏం చదవాలో, ఎవరు ముందు మాట్లాడాలో ఆ అమ్మాయిలే నిర్ణయించుకోవాలి. పెళ్లయిన కూతుళ్లు పుట్టింటికి వచ్చినప్పుడు వారికీ అక్కడ చోటుండాలి. మసీదు కమిటీల్లో ఉన్న పెద్దలు ఈ విషయంలో ఒక మాట చెబితే సగం తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి.

గ్రంథాలయం మన సొమ్ముతో నడిచేదే

ఇంటి పన్ను రసీదును ఈసారి జాగ్రత్తగా చదవండి. 1960 నాటి ప్రజా గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. చార్మినారు గల్లీలోని ఇంటి యజమానీ కడుతున్నారు, కర్నూలు, గుంటూరు, కడప మొహల్లాల్లోనివారూ కడుతున్నారు. ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థలకు చేరవలసినది. కనుక గ్రంథాలయంలో ఉర్దూ దినపత్రిక వేయించమని, తెలుగు ముస్లిం రచయితల పుస్తకాలు తెప్పించమని, సాయంత్రం అమ్మాయిలకు ఒక బల్ల కేటాయించమని అడగడం దయ కోరడం కాదు. పన్ను కట్టిన పౌరుని హక్కు. పదిమంది సంతకాలతో రాతపూర్వకంగా అడిగి, నకలు మన దగ్గర ఉంచుకోవాలి. అడిగినవారు లేరన్న జవాబు ఇక వినిపించకూడదు.

ఈ గడ్డ మీద గ్రంథాలయాలు అడిగి సాధించుకున్నవే. హైదరాబాదులో 1891లో వెలసిన ఆసఫియా గ్రంథాలయం నేడు అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంగా నిలిచి ఉంది. ఉర్దూ, అరబ్బీ, పారసీ, తెలుగు గ్రంథాలు అక్కడ ఒకే కప్పు కింద ఉన్నాయి. అదే నగరంలో 1901లో తెలుగువారు శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయాన్ని నెలకొల్పుకున్నారు. 1918లో వేటపాలెం యువకులు ప్రారంభించిన సారస్వత నికేతనం నేటికీ పాఠకులను ఆకర్షిస్తోంది. ఇవన్నీ కొద్దిమంది పూనుకుంటే పుట్టినవి.

ఈ నెలలోనే మొదలుపెడదాం

భవనం, నిధులు, రిజిస్ట్రేషను కోసం ఆగవలసిన పని లేదు. ఎనిమిది మందో పది మందో చాలు. జుమా నాడు అస్ర్ తర్వాతనో, ఆదివారం ఉదయమో ఒక వేళ నిర్ణయించుకుందాం. పెద్ద గ్రంథంతో ఆరంభిస్తే రెండో వారానికే సగం మంది రారు. ఒక పూటలో ముగిసే కథ చాలు. ఒకరు బిగ్గరగా చదవాలి. ఉర్దూ కథైతే తెలుగువారికి, తెలుగు కథైతే ఉర్దూవారికి మధ్యలో ఆగి ఒకరు చెప్పాలి. ఆ చెప్పే పని చిన్నవారికి అప్పగిద్దాం, వారికి రెండు భాషలూ పదునెక్కుతాయి. ఫోనులు పక్కన పెట్టాలి. చదవడం ముగిశాక ముందుగా మాట్లాడేది పిల్లలు, చివరన మాట్లాడేది పెద్దలు. పెద్దలు ముందే తీర్పు చెబితే పిల్లలు నోరు విప్పరు. ఎవరు గెలిచారన్న లెక్క వద్దు. ఏం మాట్లాడుకున్నామో ఒక నోటుపుస్తకంలో ఒకరు రాసి ఉంచాలి. మూడు నెలలు ఇలా కథలు చదివాక సచార్ నివేదికలో ఒక అధ్యాయమో, రాజ్యాంగంలోని రెండు అధికరణాలో తీసుకుంటే పిల్లలు బెదరరు. అప్పటికి వారికి ప్రశ్న అడగడం వచ్చి ఉంటుంది.

మొదటి సమావేశానికి పుస్తకం ఎక్కడ దొరుకుతుందని అడిగేవారికి మాది ఒకటే మాట. మీ ఇంట్లోని ఆ అలమార తెరవండి. దాదాజాన్ ఇంకా ఉంటే ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని, ఇందులో మీకు నచ్చినది ఏది, ఎందుకు నచ్చింది అని అడగండి. ఆయన చదువుతుంటే మనవరాలిని వినమనండి. ఆమెకు అర్థం కాని మాట దగ్గర ఆయన ఆగుతారు. అక్కడి నుంచి వారిద్దరి మధ్య మాటలు మొదలవుతాయి.